పాత కోడ్, కొత్త కంపైలర్: ఆగిన బిల్డ్‌ను నడిపించడం ఎలా?

నిన్నటిదాకా నడిచిన బిల్డ్ (కోడ్‌ను ప్రోగ్రామ్‌గా మార్చే పని) ఇవాళ ఆగిపోతుంది. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు. మారిందల్లా కంప్యూటర్‌లోని ఆపరేటింగ్ సిస్టమ్, దాని వెంట వచ్చిన కంపైలర్. తెర నిండా ఎర్ర అక్షరాలు. ఆ క్షణంలో చాలామంది చేసే పని ఒకటే: ఆ సందేశాన్ని వెతికి, దొరికిన మొదటి ఫ్లాగ్‌ను, అంటే కంపైలర్‌కు ఇచ్చే అదనపు సూచనను, తెచ్చి అతికించడం. బిల్డ్ నడుస్తుంది. అసలు నష్టం తరచూ అక్కడే మొదలవుతుంది.

ఫ్లాగ్‌లు వాడకూడదని నేను అనను. గడువు దగ్గరపడినప్పుడు, మన చేతిలో లేని పాత లైబ్రరీతో పని పడినప్పుడు పక్కదారి తప్పదు. కానీ పక్కదారి పట్టే ముందు అసలు దారి ఎందుకు మూసుకుపోయిందో తెలియాలి. పట్టాక అది ఎంత మేర అవసరమో అంత మేరకే ఉండాలి. ఈ రెండు నియమాల చుట్టూనే ఈ మార్గదర్శిని రాస్తున్నాను. ఎక్కువగా లినక్స్ మీద సీ, సీ++ కోడ్ గురించి, జీసీసీ కంపైలర్ గురించి ఉంటుంది. విండోస్, మ్యాక్ సంగతులు చివర్లో కొద్దిగా చెబుతాను. ఆదేశాలు, ఫ్లాగ్‌ల పేర్లు తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. టైపు చేసేటప్పుడు వాటిని మామూలుగా ఇంగ్లీషు అక్షరాల్లో, చిన్నబడిలో (స్మాల్ లెటర్స్) కొట్టాలి. పెద్దబడి కావలసిన చోట ఆ మాట చెబుతాను.

మొదటి మెట్టు: ఆపింది ఎవరు?

‘జీసీసీ’ అని ఒక్క మాటతో పిలిచినా లోపల నలుగురు పనివాళ్లు ఉన్నారు. హెడర్‌లను, మ్యాక్రోలను విప్పి పరిచే ప్రీప్రాసెసర్ ఒకరు. ఆ కోడ్‌ను అసెంబ్లీగా మార్చే కంపైలర్ రెండోవారు. దాన్ని ఆబ్జెక్ట్ ఫైలుగా చేసే అసెంబ్లర్ మూడోవారు. ఆ ముక్కలన్నింటినీ కుట్టి ఒక్క ప్రోగ్రామ్‌గా ఇచ్చే లింకర్ నాలుగోవారు. ప్రోగ్రామ్ నడిపే వేళకు ఐదోవారు వస్తారు, లోడర్. మందు ఎవరికి వేయాలో తెలియాలంటే మూలుగుతున్నది ఎవరో ముందు తెలియాలి.

సందేశంలో ఫైలు పేరు, దాని పక్కన వరుస సంఖ్య, నిలువు సంఖ్య ఉంటే అది దాదాపుగా కంపైలర్ మాట. ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’ అనో, ‘మల్టిపుల్ డెఫినిషన్’ అనో ఉంటే లింకర్ మాట. బిల్డ్ అంతా సజావుగా ముగిసి, నడిపినప్పుడు ‘షేర్డ్ లైబ్రరీని తెరవలేకపోయాను’ అని వస్తే లోడర్ మాట. చివరి వరుసలో కనిపించే ‘కలెక్ట్2: ఎల్‌డీ రిటర్న్‌డ్ 1 ఎగ్జిట్ స్టేటస్’ అన్నది కారణం కాదు. లింకర్ విఫలమైందన్న సమాచారం మాత్రమే. దాన్ని పట్టుకుని వెతికితే వేలకొద్దీ సంబంధం లేని సమాధానాలు దొరుకుతాయి. అసలు సంగతి ఆ వరుసకు పైన ఉంటుంది.

బిల్డ్ ఒకేసారి ఎనిమిది పనులు చేస్తూ ఉంటే సందేశాలు కలగాపులగం అవుతాయి. అందుకని బిల్డ్‌ను నడిపే సాధనం మేక్ అయితే ‘మేక్ -జే1 వీ=1’ అని నడపండి, ‘వీ’ పెద్దబడిలో. నింజా అయితే ‘నింజా -జే1 -వీ’. ఇప్పుడు పనులు ఒకటి తర్వాత ఒకటి జరుగుతాయి, ఒక్కో పనికి వాడిన పూర్తి ఆదేశం తెర మీద కనిపిస్తుంది. మొదటి తప్పునే చదవండి. ఒక హెడర్ దొరకకపోతే దాని వెనుక రెండు వందల తప్పులు రావచ్చు. మొదటిది పోతే మిగతావన్నీ దానితోనే పోతాయి.

రెండో మెట్టు: ఒక్క ఆదేశానికి కుదించండి

విఫలమైన ఆ ఒక్క ఆదేశాన్ని కాపీ చేసి, అదే డైరెక్టరీలో చేత్తో నడపండి. అదే తప్పు మళ్లీ రావాలి. వచ్చిందంటే మీ సమస్య మొత్తం ప్రాజెక్టు నుంచి ఒక్క వరుసకు దిగింది. రాకపోతే తేడా పర్యావరణ చరరాశుల్లో (షెల్‌లో పెట్టిన సెట్టింగుల్లో) ఉందన్నమాట: ముందు ‘పాత్’ చూడండి, మొత్తం పెద్దబడి. రెండు కంపైలర్లు ఉన్న యంత్రాల్లో బిల్డ్ ఒకదాన్ని, మీరు మరొకదాన్ని పిలుస్తూ ఉండటం నేను చాలాసార్లు చూశాను.

కంపైలర్ తప్పు అయితే ఆ ఆదేశానికి ‘-ఈ’ చేర్చండి, ఇక్కడ పెద్దబడి ‘ఈ’. హెడర్‌లన్నీ విప్పిన తర్వాత కంపైలర్ చూసే అసలు పాఠం అదే. ‘ఈ ఫంక్షన్‌కు ప్రకటన (డిక్లరేషన్) నిజంగా లోపలికి వచ్చిందా?’ అన్న ప్రశ్నకు ఊహతో కాక కంటితో జవాబు దొరుకుతుంది. లింకర్ తప్పు అయితే ‘-వీ’ చేర్చండి, చిన్నబడిలో. కంపైలర్ లింకర్‌ను ఏయే లైబ్రరీలతో, ఏ వరుసలో పిలిచిందో అది చూపిస్తుంది.

బిల్డ్‌కు ముందు యంత్రంలో ఏమేమి ఉన్నాయో పరీక్షించే ఆటోకాన్ఫ్ సాధనం వాడిన పాత ప్రాజెక్టుల్లో ఇంకో పని తప్పనిసరి. ‘కాన్ఫిగ్.లాగ్’ ఫైలు తెరవండి. కాన్ఫిగర్ స్క్రిప్టు చిన్నచిన్న పరీక్ష ప్రోగ్రాములు రాసి, అవి కంపైల్ అయితే ‘ఈ సౌకర్యం ఉంది’ అని, కాకపోతే ‘లేదు’ అని నమోదు చేసుకుంటుంది. ఆ పరీక్ష ప్రోగ్రామే పాత పద్ధతిలో, అవసరమైన హెడర్ లేకుండా రాసి ఉంటే కొత్త కంపైలర్ దాన్ని తిరస్కరిస్తుంది. స్క్రిప్టు మాత్రం ‘ఈ ఫంక్షన్ ఈ యంత్రంలో లేదు’ అని తీర్మానిస్తుంది. ఎక్కడా ఎర్ర అక్షరం కనిపించదు. బిల్డ్ పూర్తవుతుంది, ఒక సౌకర్యం లేకుండా. పాత యంత్రంలోని లాగ్, కొత్త యంత్రంలోని లాగ్ పక్కపక్కన పెట్టి తేడా చూడటమే దీనికి విరుగుడు. సాధారణంగా ‘ఆటోరీకాన్ఫ్ -ఎఫ్ఐ’ నడిపి, కొత్త ఆటోకాన్ఫ్‌తో స్క్రిప్టును మళ్లీ పుట్టిస్తే ఆటోకాన్ఫ్ సొంత పరీక్షలు సరిపోతాయి. ప్రాజెక్టు వాళ్లు చేత్తో రాసుకున్న పరీక్షలను మాత్రం చేత్తోనే దిద్దాలి.

మూడో మెట్టు: కంపైలర్ మొండికేస్తే

గత కొన్నేళ్లలో బిల్డ్‌లను ఎక్కువగా ఆపిన మార్పులు నాలుగైదు ఉన్నాయి. వాటిని గుర్తుపడితే సగం పని అయినట్టే.

2024 మేలో వచ్చిన జీసీసీ 14, ప్రకటన లేని ఫంక్షన్‌ను పిలవడాన్ని హెచ్చరిక నుంచి తప్పు స్థాయికి పెంచింది. మరో కంపైలర్ క్లాంగ్, 16వ విడుదలతో ఈ పని 2023లోనే చేసింది. నిజానికి 1999 నాటి సీ ప్రమాణమే ఈ పద్ధతిని తీసేసింది; కంపైలర్లు పాతికేళ్లు ఓపిక పట్టాయి. ‘ఇంప్లిసిట్ డిక్లరేషన్ ఆఫ్ ఫంక్షన్’ అన్న సందేశం కనిపిస్తే ‘-ఎఫ్‌పర్మిసివ్’ పెట్టి దాటిపోవచ్చు. పెట్టే ముందు ఈ ఉదాహరణ చదవండి.

స్టర్‌డప్ అనే ఫంక్షన్ ఒక స్ట్రింగ్‌కు నకలు తీసి మెమరీలో దాని చిరునామా ఇస్తుంది. మీ మేక్‌ఫైలులో ‘-ఎస్‌టీడీ=సీ99’ అని ఉంది. ఆ మాటతో మీరు ‘నాకు ప్రమాణంలో ఉన్నవే కావాలి’ అన్నారు. స్టర్‌డప్ అప్పటి సీ ప్రమాణంలో లేదు, యూనిక్స్ తరహా వ్యవస్థల ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్‌ది. అందుకని మీరు స్ట్రింగ్ హెడర్‌ను చేర్చినా అందులోని స్టర్‌డప్ ప్రకటన దాగిపోతుంది. ప్రకటన లేదు కాబట్టి పాత కంపైలర్, ‘సరే, ఇది ఇంటీజర్ ఇచ్చే ఫంక్షన్ అనుకుంటాను’ అని ముందుకు పోయేది. ఇంటీజర్ 32 బిట్లు, చిరునామా 64 బిట్లు. పై సగం తెగిపోతుంది.

మరి ఇన్నేళ్లు ఎలా నడిచింది? పాత పద్ధతిలో కట్టిన ప్రోగ్రామ్‌లు మెమరీలో కింది చిరునామాల్లో కూర్చునేవి. వాటి పక్కనే మొదలయ్యే హీప్ (నడిచే వేళ ప్రోగ్రామ్ అడిగి తీసుకునే మెమరీ) కూడా కిందే ఉండేది. చిన్న స్ట్రింగ్ నకలు చిరునామా 31 బిట్లలో పట్టేది. పై సగం ఎలాగూ సున్నాలే కాబట్టి తెగినా తేడా తెలిసేది కాదు. తర్వాత లినక్స్ పంపిణీలు (డిస్ట్రిబ్యూషన్లు) ఎక్కడైనా కూర్చోగల ప్రోగ్రామ్‌లను, అంటే పీఐఈ పద్ధతిని, సహజ స్థితిగా (డిఫాల్ట్‌గా) చేశాయి. డెబియన్ 2017లో 9వ విడుదలతో, ఉబుంటు 16.10తో ఆ మార్పు తెచ్చాయి. హీప్ పై చిరునామాలకు వెళ్లింది. అదే కోడ్, అదే పాత తప్పు, ఇప్పుడు మొదటి స్ట్రింగ్ దగ్గరే కుప్పకూలుతుంది. ఇలాంటి ఒకదాన్ని పట్టుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. డీబగర్‌లో కనిపించిన చిరునామాకూ, స్టర్‌డప్ తిరిగి ఇచ్చిన చిరునామాకూ కింది ఎనిమిది అంకెలు మాత్రం అచ్చంగా ఒకటేనని గమనించిన క్షణంలో విషయం అర్థమైంది. కంపైలర్ హెచ్చరిక మొదటి రోజు నుంచీ లాగ్‌లో ఉంది.

అందువల్ల ఇక్కడ సరైన మందు: ‘-ఎస్‌టీడీ=గ్నూ99’ అని మార్చండి, లేదా ఏ హెడర్‌నూ చేర్చకముందే ‘_పోసిక్స్_సీ_సోర్స్’ మ్యాక్రోను, మొత్తం పెద్దబడిలో, 200809ఎల్ విలువతో నిర్వచించండి. వేరే ఫంక్షన్లకైతే మాన్యువల్ పేజీ మొదట్లో ఏ హెడర్, ఏ మ్యాక్రో కావాలో రాసి ఉంటుంది. మూడో పక్షం కోడ్‌ను ముట్టుకోలేని స్థితిలో ఉంటే ఆ ఒక్క ఫైలుకు మాత్రమే ‘-డబ్ల్యూనో-ఎర్రర్=ఇంప్లిసిట్-ఫంక్షన్-డిక్లరేషన్’ ఇవ్వండి, ‘డబ్ల్యూ’ పెద్దబడి. కానీ ముందు ఆ ఫంక్షన్ చిరునామా ఇచ్చేది కాదని చూసుకోండి. చిరునామా ఇచ్చేదైతే ఆ ఫ్లాగ్ విషయంలో నేను రాజీపడను.

జీసీసీ 15 2025 ఏప్రిల్‌లో వచ్చింది. అందులో సీ భాష సహజ రూపం సీ23 అయింది. రెండు దెబ్బలు తగులుతాయి. ‘బూల్’, ‘ట్రూ’, ‘ఫాల్స్’ ఇప్పుడు భాష సొంత పదాలు కాబట్టి, పాత కోడ్‌లో ‘టైప్‌డెఫ్ ఇంట్ బూల్’ అని రాసుకున్న చోట తప్పు వస్తుంది. ఇంకోటి, ఫంక్షన్ ప్రకటనలో ఖాళీ కుండలీకరణాలు ఇదివరకు ‘ఏ ఆర్గ్యుమెంట్లు వస్తాయో చెప్పను’ అని అర్థం. ఇప్పుడు ‘ఆర్గ్యుమెంట్లు ఏమీ లేవు’ అని అర్థం. ‘టూ మెనీ ఆర్గ్యుమెంట్స్’ అన్న సందేశం గుంపుగా వచ్చిందంటే ఇదే. తాత్కాలికంగా ‘-ఎస్‌టీడీ=గ్నూ17’ చాలు. ఈ ఫ్లాగ్‌కు నేను అభ్యంతరం చెప్పను: ప్రాజెక్టు ఏ భాషా ప్రమాణంలో రాసిందో బిల్డ్ ఫైలులో చెప్పడం అసలు మొదటినుంచీ చేయవలసిన పనే.

సీ++లో 2023 నాటి జీసీసీ 13 ఇంకో తీరుగా పరీక్షించింది. ప్రామాణిక లైబ్రరీ హెడర్‌లు ఒకదానినొకటి చేర్చుకోవడం తగ్గించారు. ‘యూఇంట్32_టీ అనేది ఏ టైపునూ సూచించదు’ అంటే ‘సీఎస్‌టీడీఇంట్’ హెడర్‌ను చేర్చండి. అంతే. ఇక్కడ ఫ్లాగ్ వెతకనే వద్దు.

నాలుగో మెట్టు: ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’

ఈ సందేశం చూసి ‘లైబ్రరీ లేదేమో’ అని అందరూ మొదట అనుకుంటారు. చాలాసార్లు లైబ్రరీ ఉంటుంది. ఆదేశంలో దాన్ని రాసిన క్రమం తప్పు.

గ్నూ లింకర్ సంతకు చీటీ పట్టుకుని వెళ్లిన మనిషి లాంటిది. ఎడమ నుంచి కుడికి ఒక్కసారే నడుస్తుంది, వెనక్కి తిరగదు. ఆబ్జెక్ట్ ఫైలు ఎదురైతే దానిలో లోటున్న సింబల్‌లను (ఫంక్షన్ల, చరరాశుల పేర్లను) చీటీ మీద రాసుకుంటుంది. స్టాటిక్ లైబ్రరీ (ముక్కలు నేరుగా ప్రోగ్రామ్‌లోకి చేరేది) ఎదురైతే, ఆ క్షణానికి చీటీ మీద ఉన్నవి అందులో దొరుకుతాయా అని మాత్రమే చూసి, అవి ఉన్న ముక్కలనే తీసుకుంటుంది. చీటీ ఖాళీగా ఉన్నప్పుడు దాటిన దుకాణంలో ఏమీ కొనదు. కాబట్టి ఈ ఆదేశం విఫలమవుతుంది:

జీసీసీ -ఎల్‌గణితం మెయిన్.ఓ -ఓ ప్రోగ్రామ్

ఇది నడుస్తుంది:

జీసీసీ మెయిన్.ఓ -ఎల్‌గణితం -ఓ ప్రోగ్రామ్

నియమం: అడిగేవారు ముందు, ఇచ్చేవారు తర్వాత. లైబ్రరీ ‘అ’కు లైబ్రరీ ‘ఆ’ అవసరమైతే ‘అ’ ఎడమ పక్కన ఉండాలి. రెండింటికీ ఒకదానితో ఒకటి అవసరముంటే ‘-డబ్ల్యూఎల్,--స్టార్ట్-గ్రూప్’, ‘-డబ్ల్యూఎల్,--ఎండ్-గ్రూప్’ మధ్యలో పెట్టండి, ‘డబ్ల్యూ’ మాత్రం పెద్దబడి. అప్పుడు లింకర్ ఆ గుంపు చుట్టూ, కొత్తగా లోటు తీరుతున్నంతసేపూ తిరుగుతూనే ఉంటుంది. మేక్‌ఫైలులో లైబ్రరీలను ‘ఎల్‌డీఫ్లాగ్స్’లో కాక ‘ఎల్‌డీలిబ్స్’లో (రెండూ పెద్దబడి) రాయమనడానికి కారణం ఇదే, మేక్ మొదటిదాన్ని ఆబ్జెక్ట్‌లకు ముందు, రెండోదాన్ని తర్వాత పెడుతుంది.

క్లాంగ్‌ను తయారుచేసే ఎల్ఎల్‌వీఎమ్ వారి లింకర్ ఎల్ఎల్‌డీ ఈ విషయంలో ఉదారం. దాటిన లైబ్రరీల్లో ఏమున్నాయో గుర్తుపెట్టుకుంటుంది, కావలసినప్పుడు వెనక్కి వెళ్లి తెస్తుంది. దాంతో ‘నా దగ్గర బిల్డ్ అవుతుంది, నీ దగ్గర కాదు’ అన్న తగాదా మొదలవుతుంది. జట్టులో రెండు లింకర్లూ వాడుతుంటే ఎల్ఎల్‌డీకి ‘--వార్న్-బ్యాక్‌రెఫ్స్’ ఇవ్వండి. గ్నూ లింకర్ దగ్గర తప్పయ్యే వరుసను అది ముందే చెబుతుంది.

షేర్డ్ లైబ్రరీలకు (నడిచే వేళ లోడర్ తెచ్చేవాటికి) ఈ చీటీ నియమం వర్తించదని పుస్తకాల్లో ఉంటుంది. కానీ ఉబుంటు 11.10 నుంచి ‘--యాజ్-నీడెడ్’ను సహజ స్థితిగా పెట్టింది. లైబ్రరీ ఎదురయ్యే క్షణానికి దాని అవసరం కనిపించకపోతే అది వదిలేస్తుంది. ఫలితం అదే: ఆబ్జెక్ట్‌లు ముందు, లైబ్రరీలు తర్వాత.

గణిత లైబ్రరీతో ఒక చిత్రమైన సంగతి ఉంది, కొత్తగా నేర్చుకునేవారు తప్పకుండా దీనికి తగులుతారు. సీ ప్రోగ్రామ్‌లో కొసైన్ ఫంక్షన్‌ను నేరుగా 1.0 అన్న సంఖ్యతో పిలిస్తే ‘-ఎల్ఎమ్’ లేకుండానే లింక్ అవుతుంది. అదే ఒక చరరాశితో పిలిస్తే ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’ వస్తుంది. మొదటి సందర్భంలో కంపైలరే లెక్కకట్టి జవాబును కోడ్‌లో పెట్టేసింది, పిలుపే మిగల్లేదు. సీ++ కంపైలర్ గణిత లైబ్రరీని తనంతట తానే చేరుస్తుంది కాబట్టి అక్కడ ఈ తేడా కనిపించదు.

వరుస సరిగానే ఉన్నా తప్పు వస్తుంటే ‘ఎన్ఎమ్ -సీ’ని పిలవండి, పెద్దబడి ‘సీ’. అడిగే ఆబ్జెక్ట్ ఫైలు మీద ఒకసారి, ఇవ్వవలసిన లైబ్రరీ మీద ఒకసారి నడపండి. పేరు పక్కన ‘యూ’ ఉంటే లోటు, పెద్దబడి ‘టీ’ ఉంటే బయటకు కనిపించే ఫంక్షన్, చిన్నబడి ‘టీ’ ఉంటే ఆ ఫైలుకే పరిమితమైన ఫంక్షన్. ఈ రెండు జాబితాలు ఎదురెదురుగా పెట్టుకుంటే జవాబు సాధారణంగా కంటికే తగులుతుంది.

ఒకవైపు పేరు సాదాగా, రెండోవైపు బ్రాకెట్లలో ఆర్గ్యుమెంట్ల రకాలతో కనిపిస్తే, సీ ఫంక్షన్‌ను సీ++ కోడ్ తన పద్ధతి పేరుతో పిలుస్తోందన్నమాట. హెడర్‌లో ఆ ప్రకటనలను ‘ఎక్స్‌టర్న్ సీ’ దిమ్మెలో పెట్టండి, ‘సీ’ పెద్దబడి.

పేరులో ‘సీఎక్స్ఎక్స్11’ అన్న ముక్క ఒకవైపే కనిపిస్తే అది 2015 నాటి జీసీసీ 5 కథ. అప్పుడు స్ట్రింగ్, లిస్ట్ రకాల అంతర్నిర్మాణం మారింది, పాతదీ కొత్తదీ కలిసిపోకుండా పేర్లు వేరు చేశారు. మీ లైబ్రరీ పాత ఏబీఐతో (కంపైల్ అయిన ముక్కలు ఒకదానితో ఒకటి కలిసే పద్ధతి), మీ కోడ్ కొత్త ఏబీఐతో తయారయ్యాయి. లైబ్రరీని మళ్లీ కంపైల్ చేయగలిగితే అదే మేలు. కేవలం బైనరీ మాత్రమే చేతిలో ఉంటే ‘_జీఎల్ఐబీసీఎక్స్ఎక్స్_యూజ్_సీఎక్స్ఎక్స్11_ఏబీఐ’ మ్యాక్రోకు, మొత్తం పెద్దబడిలో, సున్నా ఇవ్వాలి. అది మీ ప్రోగ్రామ్ మొత్తానికి, దానితో కలిసే సీ++ లైబ్రరీలన్నింటికీ ఒకేలా ఉండాలి. ‘అవసరమైనంత మేరకే’ అన్న నా నియమానికి మినహాయింపు ఇదొక్కటే. సగానికి ఇస్తే తప్పు ఒక చోటి నుంచి మరో చోటికి జరుగుతుంది.

‘వీటేబుల్‌కు అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’ అంటే ఆ క్లాసులో ప్రకటించిన ఒక వర్చువల్ ఫంక్షన్‌కు (సాధారణంగా మొదటిదానికి) ఎక్కడా శరీరం రాయలేదని, లేదా అది ఉన్న ఫైలును బిల్డ్‌లో చేర్చడం మరిచారని. ‘-ఓ0’తో, అంటే వేగం కోసం చేసే మార్పులు లేకుండా, ఆగి, ఆ మార్పులు చేసే ‘-ఓ2’తో నడిచే లోటు అయితే (రెండింటిలోనూ ‘ఓ’ పెద్దబడి) హెడర్‌లోని ‘ఇన్‌లైన్’ ఫంక్షన్‌లను చూడండి. సీ99 నియమం ప్రకారం ఒట్టి ‘ఇన్‌లైన్’ బయటకు కనిపించే నకలును పుట్టించదు. ‘స్టాటిక్ ఇన్‌లైన్’ అని మార్చితే తీరుతుంది.

ఐదో మెట్టు: ‘మల్టిపుల్ డెఫినిషన్’

ఇది లోటుకు తిరగేసిన సమస్య: ఒకే పేరు రెండు చోట్ల. 2020 మేలో వచ్చిన జీసీసీ 10 తర్వాత ఇది వెల్లువెత్తింది. హెడర్‌లో ‘ఇంట్ లెక్క;’ అని రాసి, దాన్ని పది ఫైళ్లలో చేర్చుకుంటే పది నిర్వచనాలు పుడతాయి. ఇదివరకు జీసీసీ వాటిని ‘కామన్’ అన్న ప్రత్యేక గుర్తుతో పెట్టేది, లింకర్ అన్నింటినీ ఒక్కటిగా కలిపేది. ఇప్పుడు ‘-ఎఫ్‌నో-కామన్’ సహజ స్థితి. ఆ తర్వాత క్లాంగ్ 11 కూడా అదే దారి పట్టింది.

మందు సులువు: హెడర్‌లో ‘ఎక్స్‌టర్న్’ చేర్చండి, ఒక్క సీ ఫైలులో నిర్వచనం రాయండి. ‘-ఎఫ్‌కామన్’ ఫ్లాగ్ పని చేస్తుంది కానీ ఒక ప్రమాదం దాస్తుంది. ఒక ఫైలులో ‘లెక్క’ ఇంటీజర్, ఇంకో ఫైలులో అదే పేరుతో డబుల్ ఉంటే లింకర్ వాటినీ కలిపేస్తుంది. ఇద్దరు ఒకే గదిలో ఉంటున్నారని ఇద్దరికీ తెలియదు. జీసీసీ 10 వచ్చినప్పుడు ఇలా పొరపాటున ఒకే పేరు పెట్టుకున్న చరరాశులు నాకు ఒక పాత ప్రాజెక్టులో రెండు దొరికాయి. ఆ ఒక్క మార్పుకు నేను కంపైలర్ రచయితలకు కృతజ్ఞుణ్ణి.

ఆరో మెట్టు: లింకర్ వదిలేసిన ముక్కలు, ఒప్పుకోని ముక్కలు

‘పీఐఈ ఆబ్జెక్ట్ తయారీలో ఈ రీలొకేషన్ వాడలేము, -ఎఫ్‌పీఐసీతో మళ్లీ కంపైల్ చేయండి’ అన్న అర్థం వచ్చే సందేశం పాత స్టాటిక్ లైబ్రరీల దగ్గర వస్తుంది. స్థిరమైన చోట కూర్చునేలా తయారైన కోడ్‌ను, ఎక్కడైనా కూర్చోవలసిన ప్రోగ్రామ్‌లో కుట్టలేమని లింకర్ చెబుతోంది. సందేశం చెప్పినట్టే లైబ్రరీని మళ్లీ కంపైల్ చేయండి. ‘పీఐసీ’ మూడు అక్షరాలూ పెద్దబడి. మూలం దొరకకపోతే ఆ ఒక్క ప్రోగ్రామ్‌కు లింక్ దశలో ‘-నో-పీఐఈ’, అన్నీ చిన్నబడి. చిరునామాలను చెదరగొట్టే భద్రత ఆ ప్రోగ్రామ్‌కు తగ్గుతుందని గుర్తుంచుకోండి. నెట్‌వర్క్ నుంచి వచ్చే సమాచారాన్ని చదివే ప్రోగ్రామ్ అయితే నేను ఆ దారి పట్టను.

తప్పే రాకుండా పని చెడే సందర్భం ఇంకోటి ఉంది. ప్లగిన్‌లు తమ పేరును తామే నమోదు చేసుకునే పద్ధతి చాలా సీ++ ప్రాజెక్టుల్లో ఉంటుంది: ఒక గ్లోబల్ వస్తువు నిర్మాణ సమయంలో జాబితాలో చేరుతుంది. ఆ కోడ్‌ను స్టాటిక్ లైబ్రరీలో పెట్టిన రోజున జాబితా ఖాళీ అవుతుంది. ఎందుకంటే ఆ ముక్కను పేరుపెట్టి అడిగినవారు లేరు. చీటీలో లేనిది లింకర్ తీసుకోదు. ‘-డబ్ల్యూఎల్,--హోల్-ఆర్కైవ్’ పెట్టి, లైబ్రరీ పేరు రాసి, వెంటనే ‘-డబ్ల్యూఎల్,--నో-హోల్-ఆర్కైవ్’తో మూయండి. మూయడం మరిస్తే తర్వాత వచ్చే వ్యవస్థ లైబ్రరీలు కూడా మొత్తంగా లోపలికి వస్తాయి. సీమేక్ అనే బిల్డ్ సాధనంలో ‘ఆబ్జెక్ట్’ (పెద్దబడి) రకం లైబ్రరీ వాడితే ఈ బాధే ఉండదు, నాకు అదే నచ్చుతుంది.

ఏడో మెట్టు: ‘-ఓ0’తో సరే, ‘-ఓ2’తో తప్పు

‘కంపైలర్‌లో బగ్ ఉంది’ అనే మాట ఇక్కడే మొదట వినిపిస్తుంది. ఉండవచ్చు, కానీ అరుదు. ఎక్కువసార్లు మన కోడ్ భాషా నియమాన్ని దాటి ఉంటుంది: గుర్తు ఉన్న సంఖ్య పొంగిపోవడం (సైన్డ్ ఓవర్‌ఫ్లో), విలువ ఇవ్వని చరరాశిని చదవడం, ఫ్లోట్ చిరునామాను ఇంటీజర్ చిరునామాగా మార్చి చదవడం. ముందు ఇలాంటి తప్పులను నడిచే వేళ పట్టే శానిటైజర్‌లతో, అంటే ‘-ఎఫ్‌శానిటైజ్=అన్‌డిఫైన్డ్,అడ్రెస్’తో కట్టి మీ పరీక్షలు నడపండి.

అది ఏమీ పట్టుకోకపోతే చెరి సగం పద్ధతి. సగం ఫైళ్లు ‘-ఓ0’తో, సగం ‘-ఓ2’తో కంపైల్ చేసి లింక్ చేయండి. తప్పు ఏ సగం వెంట వస్తుందో చూసి మళ్లీ దాన్ని సగం చేయండి. వెయ్యి ఫైళ్లున్నా పది విడతల్లో ఒక్క ఫైలు దగ్గరకు చేరతారు. ఆ ఫైలులో ‘-ఎఫ్‌నో-స్ట్రిక్ట్-ఎలియాసింగ్’ చేరిస్తే తప్పు పోయిందా? అయితే రకం మార్చి చదివే చోటు ఉందన్నమాట. ఆ చోట ‘మెమ్‌కాపీ’ వాడండి. కంపైలర్ దాన్ని ఒక్క సూచనగా కుదిస్తుంది, వేగం తగ్గదు. ‘-ఎఫ్‌ర్యాప్‌వీ’తో పోతే సంఖ్య పొంగుతోంది. లినక్స్ కెర్నల్ ‘-ఎఫ్‌నో-స్ట్రిక్ట్-ఎలియాసింగ్’ను శాశ్వతంగానే వాడుతుంది. అది తెలిసి, ఆలోచించి తీసుకున్న నిర్ణయం కాబట్టి అక్కడ సబబే.

ఎనిమిదో మెట్టు: నా దగ్గర నడిచింది, సర్వర్‌లో నడవలేదు

‘జీఎల్ఐబీసీ_2.34 దొరకలేదు’ అన్న సందేశం లోడర్‌ది. 2021 ఆగస్టులో వచ్చిన గ్లిబ్‌సీ (లినక్స్‌లోని ప్రధాన సీ లైబ్రరీ) 2.34, త్రెడ్‌ల లైబ్రరీనీ మరికొన్నింటినీ ప్రధాన లైబ్రరీలో కలిపేసింది. ప్రోగ్రామ్ మొదలయ్యే చోట వాడే సింబల్‌కే కొత్త సంచిక (వెర్షన్) గుర్తు వచ్చింది. అందుకని ఉబుంటు 22.04లో కట్టిన అతి చిన్న ప్రోగ్రామ్ కూడా, గ్లిబ్‌సీ 2.31 ఉన్న ఉబుంటు 20.04లో నడవదు. ఇందుకు ఫ్లాగ్ లేదు. మీరు మద్దతివ్వవలసిన అతి పాత పంపిణీని కంటెయినర్‌లో పెట్టి, అందులో కట్టండి. పాతదానిలో కట్టింది కొత్తదానిలో నడుస్తుంది, కొత్తదానిలో కట్టింది పాతదానిలో నడుస్తుందన్న హామీ లేదు. పంపే ముందు ‘ఆబ్జ్‌డంప్ -టీ’తో, పెద్దబడి ‘టీ’, ఏయే సంచికలు అడుగుతోందో చూసుకోండి.

విండోస్, మ్యాక్

విండోస్‌లో ‘ఎల్ఎన్‌కే2019’ అంటే లోటు, ‘ఎల్ఎన్‌కే2005’ అంటే రెండు నిర్వచనాలు; పై చర్చ చాలావరకు వర్తిస్తుంది. అక్కడి ప్రత్యేకత ‘ఎల్ఎన్‌కే2038’: చాలాసార్లు డీబగ్ లైబ్రరీని రిలీజ్ ప్రోగ్రామ్‌తో కలుపుతున్నారని అర్థం. అన్నింటికీ ఒకే రన్‌టైమ్ ఎంపిక ఇవ్వండి. ‘__ఐఓబీ_ఫంక్’ లోటు కనిపిస్తే, ఆ లైబ్రరీ విజువల్ స్టూడియో 2015కు ముందు తయారైనది, తిరిగి కట్టించుకోండి. మ్యాక్‌లో 2023 నాటి ఎక్స్‌కోడ్ 15 కొత్త లింకర్‌ను తెచ్చింది. దానితో చిక్కు వస్తే ‘-ఎల్‌డీ_క్లాసిక్’ పాతదాన్ని పిలుస్తుంది. నిజంగా లింకర్ మార్పే కారణమా అని తేల్చుకోవడానికి అది మంచి పరీక్ష. శాశ్వత నివాసంగా మాత్రం పనికిరాదు.

తొమ్మిదో మెట్టు: పక్కదారిని ఎక్కడ రాయాలి?

ఫ్లాగ్ తప్పదని తేలాక దాన్ని మొత్తం ప్రాజెక్టు ‘సీఫ్లాగ్స్’లో (అన్ని ఫైళ్లకూ వర్తించే ఫ్లాగ్‌ల జాబితా, పెద్దబడి) పెట్టకండి. సీమేక్‌లో ఒక్క ఫైలుకు ఇవ్వాలంటే ‘సెట్_సోర్స్_ఫైల్స్_ప్రాపర్టీస్’, ఒక్క లక్ష్యానికి ఇవ్వాలంటే ‘టార్గెట్_కంపైల్_ఆప్షన్స్’ ఉన్నాయి. రెండోదానిలో ‘ప్రైవేట్’ అని పెద్దబడిలో రాయండి. ‘పబ్లిక్’ అంటే మీ లైబ్రరీని వాడేవారందరికీ ఆ ఫ్లాగ్ అంటుకుంటుంది.

కంపైలర్ సంచిక సంఖ్యను చూసి నిర్ణయించే కంటే, ఆ ఫ్లాగ్ ఉందో లేదో పరీక్షించడం మేలు. ఒక జాగ్రత్త: ‘-డబ్ల్యూనో-’తో మొదలయ్యే ఫ్లాగ్ తనకు తెలియకపోయినా జీసీసీ నోరు మెదపదు. కాబట్టి ఆ రూపాన్ని పరీక్షిస్తే ఎప్పుడూ ‘ఉంది’ అనే జవాబే వస్తుంది. ‘నో’ లేని రూపాన్ని పరీక్షించి, అది ఉంటే ‘నో’ ఉన్నదాన్ని వాడండి.

ఆ వరుసకు పైన వ్యాఖ్య రాయండి. నేను నాలుగు సంగతులు రాస్తాను: వచ్చిన సందేశం ఉన్నది ఉన్నట్టుగా, ఏ కంపైలర్ ఏ సంచికలో వచ్చింది, అసలు కారణం ఏమిటి, ఏది జరిగితే ఈ వరుస తీసేయవచ్చు. ఉదాహరణకు: ‘జీసీసీ 15తో చిత్రాల లైబ్రరీ హెడర్‌లో బూల్ టైప్‌డెఫ్ దగ్గర ఆగింది. ఆ లైబ్రరీ తర్వాతి విడుదలలో దిద్దుతారు. అది వచ్చాక దీన్ని తొలగించాలి.’ మూడేళ్ల తర్వాత ఈ ఫైలు తెరిచే మనిషికి ఆ నాలుగు సంగతులు ఒక పూట పనిని మిగులుస్తాయి.

కొత్త కంపైలర్ చేతికి వచ్చిన ప్రతిసారీ ఒక వేరే శాఖలో (బ్రాంచ్‌లో) ఇలాంటి ఫ్లాగ్‌లన్నీ తీసేసి బిల్డ్ నడపండి. ఆగకపోతే తొందరపడకండి; పరీక్షలన్నీ ‘-ఓ2’తోనూ, శానిటైజర్‌లతోనూ ఒకసారి నడిపి చూడండి. అవీ దాటితే ఆ వరుసనూ, దాని పైనున్న వ్యాఖ్యనూ కలిపి ఒకే కమిట్‌లో తొలగించండి.